పక్కింటావిడ పిలిస్తే వెళ్లాను: వర్జీనియా రిపబ్లికన్లలో నా నాలుగున్నరేళ్లు

2021 మార్చిలో ఒక ఆదివారం మా పక్కింటావిడ చేతిలో ఒక కాగితంతో మా గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆవిడది వియత్నాం. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మాస్కు పెట్టుకుని మెట్ల మీదే నిలబడి, "నీకు ఓటు వచ్చింది కదా. ఇది నింపి సంతకం పెట్టు. మే నెలలో ఒక్క పూట నాతో వస్తే చాలు" అన్నారు.

అది వర్జీనియా రిపబ్లికన్ పార్టీ కన్వెన్షన్‌కి, అంటే పార్టీ అభ్యర్థుల్ని ఎంచే సభకి, డెలిగేట్‌గా (ఓటేసే ప్రతినిధిగా) పేరు రాయించుకునే ఫారం. పార్టీ సిద్ధాంతాలతో ఏకీభవిస్తున్నాననీ, నవంబరులో పార్టీ ఎవరిని నిలబెడితే వాళ్లకి మద్దతిస్తాననీ దాంట్లో రాసి ఉంది. ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో పెట్టి వారం రోజులు దాన్ని చూస్తూ తిరిగాను.

ఈ నాలుగున్నరేళ్లలో తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీల్లో, వ్రతాల్లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న "నువ్వు వాళ్లలో ఎలా కలిశావమ్మా?" అని. జవాబు వాళ్లే అందిస్తారు కూడా. టాక్సుల కోసమా, మోదీ, ట్రంప్ స్నేహం చూశా, గ్రీన్‌కార్డు వచ్చాక వెనకొచ్చేవాళ్లు అక్కర్లేదనా. చివరి మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అసలు జరిగింది వేరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్నవాడికి 2020లో ఏడేళ్లు. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక నత్తి వచ్చింది. బళ్లో వారానికి రెండుసార్లు స్పీచ్ టీచరు దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ఆ మార్చిలో బళ్లు మూతపడ్డాయి. నెలాఖరులోపే గవర్నర్ నార్తమ్ ఆ విద్యాసంవత్సరం మొత్తానికి మూసేస్తున్నట్టు ప్రకటించారు. అప్పుడు నేనేమీ అనుకోలేదు. అందరికీ భయమే, మాకూ భయమే. గుంటూరులో మా అత్తగారు ఒక్కరే ఉన్నారు, ఆ టెన్షన్ వేరే.

సెప్టెంబరు వచ్చింది, క్లాసులు లాప్‌టాప్‌లోనే. తెర మీద పాతిక చిన్న గళ్లు. టీచరు వీడి పేరు పిలిచేది. వీడు మ్యూట్ తీసి "ఐ... ఐ..." అని ఆగేవాడు. నోరు తెరిచి ఉంటుంది, మాట రాదు. టీచరుకి అది నత్తి అని తెలిసేది కాదు. బొమ్మ ఆగిపోయిందనుకునేది. "నీ నెట్ సరిగ్గా లేనట్టుంది, మళ్లీ వస్తాను" అని ఇంకో పిల్లని పిలిచేది. ఆమెను తప్పుపట్టను, పాతికమందిని తెరలో చూసుకోవాలి. కానీ మూడో వారానికి మావాడు మ్యూట్ తీయడం మానేశాడు. పేరు పిలిస్తే వేలు ఎత్తి కెమెరాకి చూపించి, తల దించుకునేవాడు. నేను పక్క గదిలో నా ఆఫీసు కాల్‌లో ఉండి, తలుపు సందులోంచి ఆ వేలు చూసేదాన్ని.

స్పీచ్ సెషన్లు కూడా తెర మీదే అన్నారు. నాలుక ఎక్కడ ఆనించాలో చెయ్యి పట్టుకుని చూపించే పని తెర మీద ఎలా అవుతుంది? ఉత్తరాలు రాశాను. "మీ సందేశం అందింది" అని జవాబు వచ్చేది. స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడటానికి పేరిచ్చాను, లాటరీలో రాలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే కంచె అవతల నుంచి పక్కింటావిడ చూశారు. వచ్చి, ఆరడుగుల దూరంలో కూర్చుని, అంతా విన్నారు. ఆరు నెలల్లో నా గోడు మధ్యలో ఆపకుండా విన్న మొదటి మనిషి ఆవిడే. మర్నాడు ఒక తల్లిదండ్రుల గుంపు జూమ్ లింకు పంపారు. అందులో డెమొక్రాట్లూ ఉన్నారు, ఏ పార్టీ పట్టనివాళ్లూ ఉన్నారు. అక్కడ చేరిన నెలకి ఈ ఫారం.

మావారు గట్టిగానే వద్దన్నారు. "జనవరి 6న ట్రంప్ మనుషులు కాపిటల్ భవనం మీద పడి ఏం చేశారో టీవీలో చూశాం కదా. ఇక్కణ్ణుంచి గంట దూరం. వాళ్లతో కలుస్తావా?" ఆయన అడిగింది సరైన ప్రశ్న. అదే ప్రశ్న నేను పక్కింటావిడని సూటిగా అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు సిగ్గుపడ్డాను. కానీ తప్పు చేసినవాళ్లు ఉన్నారని ఇల్లు వదిలేసి పోను. పదకొండేళ్లప్పుడు ఒకసారి వదిలేసి వచ్చాను, చాలు" అన్నారు. 1975 ఏప్రిల్‌లో సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కే ముందు తండ్రిని వదిలి తల్లితో బయటపడ్డ పిల్ల ఆవిడ. ఆ తండ్రి తర్వాత క్యాంపులో పోయారు. ఫాల్స్ చర్చ్‌లో ఈడెన్ సెంటర్ అని వియత్నాం వాళ్ల పెద్ద బజారు ఉంది, దాని మీద ఇప్పటికీ పాత దక్షిణ వియత్నాం పసుపు జెండా ఎగురుతుంది. ఆవిడ నన్ను అక్కడికి తీసుకెళ్లి ఫో అనే నూడుల్స్ సూప్ తినిపించి ఆ జెండా చూపించారు. కమ్యూనిజం అనే మాట నాకు కాలేజీ గోడల మీద రాతలు, పాటలు. ఆవిడకి అది తండ్రి లేకపోవడం.

సంతకం పెట్టాను. ఆ రోజుకి నేను కన్సర్వేటివ్‌ని కాదు, నిజం చెప్పాలి. నాకు ఒక పిల్లాడి సమస్య ఉంది, ఒక మనిషి పిలిచింది. అంతే.

ఇక్కడ పద్ధతి ఒకటి చెప్పాలి. వర్జీనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయరు. అభ్యర్థిని ఎంచడానికి ప్రైమరీ, అంటే మామూలు ఓటర్లతో ముందస్తు ఎన్నిక, పెడితే ఎవరైనా వచ్చి వేయొచ్చు. ఆ ఏడాది రిపబ్లికన్ పార్టీ ప్రైమరీ వద్దనుకుని కన్వెన్షన్ పెట్టింది. కోవిడ్ వల్ల అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టలేక, రాష్ట్రమంతా పదుల కొద్దీ చోట్ల ఒకేరోజు ఓటింగు జరిపారు. మే 8, శనివారం. మేం ఒక పార్కింగు స్థలంలో కార్ల వరుసలో వెళ్లాం. పక్కింటావిడ డ్రైవింగు, నేను పక్కన, వెనక సీట్లో ఆవిడ చేసిన రోల్స్ డబ్బా. గవర్నర్ పదవికి బ్యాలెట్‌లో ఏడుగురు. ఒకరికి టిక్కు పెట్టి ఊరుకోవడం కాదు, 1 నుంచి వరస పెట్టాలి. మొదటి ఇద్దరి తర్వాత నా పెన్ను ఆగిపోయింది. ఆవిడ తన కాగితం అటు తిప్పుకుని, "నేను చెప్పను. నీ ఓటు" అన్నారు.

రెండు రోజుల తర్వాత, చేత్తో లెక్కపెట్టి, వెనకబడ్డవాళ్లని రౌండుకొకరిని తీసేస్తూ, ఆరో రౌండులో గ్లెన్ యంగ్‌కిన్ పార్టీ అభ్యర్థిగా గెలిచారని ప్రకటించారు. 86 లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో ఆ అభ్యర్థిని ఎంచింది సుమారు 30 వేలమంది. వాళ్లలో నేనొకదాన్ని. అమెరికాలో పదిహేనేళ్లు ఉద్యోగం చేశాను, టాక్సులు కట్టాను, ఇల్లు కొన్నాను. ఈ దేశం నా చేత ఒక పని చేయించుకుందన్న భావం ఆ పార్కింగు స్థలంలో మొదటిసారి కలిగింది.

ఎండాకాలమంతా ప్రచారానికి తలుపులు తట్టాను. ఫోన్‌లో ఒక యాప్ ఉంటుంది. వీధి తెరిస్తే ఇంటికో చుక్క, నొక్కితే ఓటరు పేరు, వయసు, ఏయే ఎన్నికల్లో ఓటేశారన్నది వస్తుంది. ఎవరికి వేశారన్నది ఉండదు. కరపత్రం తలుపు పిడికి తగిలించొచ్చు, పోస్టు డబ్బాలో మాత్రం పెట్టకూడదు. స్టాంపు లేని కాగితం అందులో వేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మొదటి రోజు నాకు చెప్పిన మొదటి పాఠం అదే.

జంటలుగా పంపేవాళ్లు. ఒక్కో శనివారం ఒక్కొక్కరితో వెళ్లేదాన్ని. ఇంటికీ ఇంటికీ మధ్య నడకలో నేను అడిగేదాన్ని, "మీరెలా వచ్చారు ఇందులోకి?" అని. మొదట ఊసుపోక అడిగాను, తర్వాత కావాలనే అడగడం మొదలుపెట్టాను. ఒక్కరు కూడా "ఫలానా పుస్తకం చదివి" అని మొదలుపెట్టలేదు.

డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకాయన. 1964లో కాలేజీ కుర్రాడిగా రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ కోసం ఇలాగే తలుపులు తట్టారు. ఆ ఎన్నికల్లో గోల్డ్‌వాటర్ గెలిచింది ఆరు రాష్ట్రాలే. "హాస్టల్‌లో నా గదిలో ఉన్నవాడు కారు నిండా బోర్డులు వేసుకుని, ఒక్కణ్ణే పాతలేను రా అన్నాడు. వెళ్లాను" అన్నారు. ఆ స్నేహితుడు ఎప్పుడో పోయారు. ఈయన 1980లో రేగన్ అధ్యక్షుడిగా గెలిచేదాకా పదహారేళ్లు తిరుగుతూనే ఉన్నారు. కన్సర్వేటివ్ ఉద్యమం చరిత్ర నాకు తెలిసిందంటే ఆయన వల్లే. 1955లో విలియం బక్లీ పెట్టిన పత్రిక గురించి, 1960లో కనెక్టికట్‌లోని షారన్‌లో బక్లీ ఇంట్లో యువకులు కూడి రాసుకున్న ప్రకటన గురించి, గేటు గేటుకీ ఆగుతూ చెప్పేవారు. స్వేచ్ఛా వ్యాపారం కావాలనేవాళ్లు, దైవభక్తీ కుటుంబ కట్టుబాట్లూ నిలబడాలనేవాళ్లు, కమ్యూనిజాన్ని ఎదిరించాలనేవాళ్లు, ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదట. ముగ్గురూ ఒక తాటి మీదకి రావాలని ఫ్రాంక్ మేయర్ అనే ఆయన ఏళ్లపాటు వాదించారట. "ఇప్పటికీ మాకు పడదు" అన్నారు పెద్దాయన. అది నిజమని నేను కళ్లారా చూశాను.

ఆరుగురు పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లి ఒకామె. గర్భస్రావం కూడదన్నది ఆమె గట్టి పట్టుదల. వాషింగ్టన్‌లో 1974 నుంచి ప్రతి జనవరిలో జరిగే మార్చ్ ఫర్ లైఫ్‌కి చంటిపిల్లని వీపున కట్టుకుని వెళ్లిన మనిషి. ఆమె కథ తల్లితో మొదలవుతుంది. డెబ్బైల్లో స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణకి ఎదురుగా ఫిలిస్ ష్లాఫ్లీ పోరాటం నడుపుతున్నప్పుడు, చర్చిలో పక్క వరసలో కూర్చునే స్త్రీ ఆ తల్లిని రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ వెళ్లే బస్సు ఎక్కమంది. "మా అమ్మకి ఆ సవరణలో ఏముందో కూడా తెలీదు, స్నేహితురాలితో ఒకరోజు బయటికి పోవచ్చని ఎక్కింది. తిరిగొచ్చేటప్పటికి కరపత్రాలు కంఠతా వచ్చాయి." ఆమె నవ్వకుండా చెప్పింది, నేనూ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే నాకూ అదే జరుగుతోంది.

తుపాకీ హక్కుల మనిషి ఒకాయన 2020 జనవరి 20న రిచ్‌మండ్ ర్యాలీకి బావమరిది పిలిస్తే వెళ్లారు. ఇళ్ల కప్పులు వేసే సాల్వడార్ ఆయన చర్చి పాస్టరు చెబితే వచ్చారు. వీళ్లలో కొందరి అభిప్రాయాలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. తుపాకుల మీద నా మాట వేరు, వాళ్లకీ తెలుసు. కానీ ఎవరిని కదిలించినా ఆలోచన కంటే ముందు ఒక మనిషి కనిపించారు. బయటినుంచి చూసేవాళ్లు వీళ్ల తలల్లో ఏ సిద్ధాంతం ఉందా అని వెతుకుతారు. ముందు ఎవరు పిలిచారో, ఏ పని చేతికిచ్చారో అడగాలి. సిద్ధాంతం ఆ పని చేస్తూ చేస్తూ పడుతుంది. బహుశా అవతలి పార్టీలోనూ ఇంతే.

నాకు అది ఎలా పట్టిందో చెబుతాను. ఆ ఏడాది ఆర్లింగ్టన్‌లోని లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక రోజు శిక్షణకి పంపారు. 1964లో గోల్డ్‌వాటర్ డెలిగేట్లలో అందరికంటే చిన్నవాడైన మోర్టన్ బ్లాక్‌వెల్ 1979లో పెట్టిన సంస్థ అది. మన పక్షాన న్యాయం ఉన్నంత మాత్రాన గెలవం, గెలిచే పని నేర్చుకోవాలి అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. ఓటర్ల జాబితా ఎలా చదవాలి, రెండు నిమిషాల్లో బోర్డు ముందు ఎలా మాట్లాడాలి, ఇవి నేర్పారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, నాతో తలుపులు తట్టిన పెద్దాయన మాటల్లో మాటగా, "రైతుకంటే రైతు పొలం గురించి తమకే ఎక్కువ తెలుసనుకునే వాళ్లతోనే మా గొడవ" అన్నారు.

చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. ఆ మాట నేను తెలుగులో విన్నాను, ముప్పై ఏళ్ల కిందట, తెనాలి దగ్గర మా తాతయ్య వాకిట్లో.

తాతయ్యకి నాలుగెకరాల మాగాణి. రంగా గారి మనిషి. నిడుబ్రోలు రంగా గారు అంటే ఎన్.జి.రంగా. 1959లో నాగపూర్ కాంగ్రెస్ పొలాలన్నీ కలిపి సహకార సేద్యం చేయాలని తీర్మానిస్తే ఆయన కాంగ్రెస్‌ని వదిలేశారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. నక్షత్రం గుర్తు. 1962లో ఆయన తెనాలిలో ఓడిపోయి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్లారు. తెనాలి ఓటమి రోజు తాతయ్య అన్నం తినలేదని నాయనమ్మ చెప్పేది. "సర్కారోడికి నా చేను గట్టు ఎక్కడుందో తెలవదు, ఏం విత్తు చల్లాలో వాడు చెబుతాడంట" అని తాతయ్య అంటుంటే అది ముసలాయన చాదస్తం అనుకున్నాను. మా ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. ఆర్లింగ్టన్‌లో ఒక గోల్డ్‌వాటర్ మనిషి నోటినుంచి అదే మాట వస్తే, నా పిల్లాడి నత్తి తెరమీద పట్టుకోలేని వ్యవస్థ గుర్తొచ్చింది, తాతయ్య చేను గట్టు గుర్తొచ్చింది. రెండూ ఒకటే విషయం అనిపించింది. ఆ రాత్రి ఇంటికొచ్చి మావారితో అన్నాను, "నేను ఊరికే తిరగడం లేదు, నాకు ఇది నమ్మకమే" అని. ఆయన ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాత శనివారాలు పిల్లల్ని ఆయనే చూసుకున్నారు.

తెలుగు ఇళ్ల తలుపులు వేరు. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం, బయట చెప్పుల స్టాండు, డోర్‌బెల్ కెమెరాలోంచి "ఎవరండీ?" అని గొంతు. తెలుగులో జవాబిస్తే తలుపు వెంటనే తెరుచుకునేది. గుంటూరు వైపు బాబాయిగారు ఒకాయన కరపత్రం చూసి, "పార్టీ సంగతి తర్వాత, ముందు లోపలికి రామ్మా, ఎండలో వచ్చావు, మజ్జిగ తాగు" అన్నారు. అరగంట కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విని, "నా ఓటు మాత్రం డెమొక్రాట్లకే, మా అబ్బాయి వీసా సంగతి నీకు తెలుసుగా" అని సాగనంపారు. ఇంకో ఇంట్లో నా వయసు అమ్మాయి, "తెలుగువాళ్లయ్యుండి మీరు ఆ పార్టీకా?" అని తలుపు వేసేసింది. తోరణం ఊగుతూ ఉంటే ఒక నిమిషం అక్కడే నిలబడ్డాను. కార్నెగీ అనే పరిశోధన సంస్థ వాళ్ల సర్వేలో 2020లో భారతీయ అమెరికన్లలో 72 శాతం బైడెన్ వైపు, 22 శాతం ట్రంప్ వైపు ఉన్నారు. ఆ లెక్క నాకు కాగితం మీద కంటే తలుపుల దగ్గర బాగా తెలిసింది.

తెలుగువాళ్లలో నాలుగు ఇళ్లు మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. థామస్ జెఫర్సన్ హైస్కూల్ విషయం అది. సైన్సుకి పేరున్న ప్రభుత్వ బడి, సంవత్సరానికి 550 సీట్లు, చుట్టుపక్కల కౌంటీల పిల్లలు కూడా పోటీ పడతారు. 2020 చివర్లో ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూలుకీ కొన్ని సీట్లు కేటాయించారు. తర్వాతి బ్యాచ్‌లో ఆసియా పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2022లో కింది కోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది, 2023లో పై కోర్టు దాన్ని కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. కొత్త పద్ధతి వల్ల పేద ఇళ్ల పిల్లలకి అవకాశం పెరిగిందనే వాదన కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ పిల్లల్ని నాలుగేళ్లు ఆ పరీక్షకి తయారుచేసిన ఇంటికి, మధ్యలో ఆట నియమాలు మారిపోతే ఎలా ఉంటుందో ఎంసెట్ రాసిన మనకి వేరే చెప్పాలా? ఆ నాలుగు ఇళ్లూ ఒక రాజకీయ సభకి రావడం అదే మొదలు.

సెప్టెంబరు 28న డిబేట్‌లో డెమొక్రాట్ అభ్యర్థి టెర్రీ మెకాలిఫ్, బడులు ఏం నేర్పాలో తల్లిదండ్రులు చెప్పాలని తాను అనుకోననే అర్థం వచ్చేలా ఒక మాట అన్నారు. మర్నాటినుంచి మా శనివారం జాబితాలకి మనుషులు మిగిలిపోయారు. అప్పటిదాకా నేను ఫోన్ చేసి బతిమాలితే రానివాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. పిల్లల్ని మళ్లీ బడికి రప్పించాలన్న చట్టం మీద సంతకం చేసింది కూడా డెమొక్రాట్ గవర్నర్ నార్తమే, అది నేను ప్రతి తలుపు దగ్గరా చెప్పేదాన్ని. మా పార్టీవాళ్లు కొందరికి నచ్చేది కాదు. నిజం కాబట్టి చెప్పాను.

నవంబరు 2. ఉదయం ఆరింటినుంచి రాత్రి ఏడింటిదాకా పోలింగు. గుమ్మానికి నలభై అడుగుల లోపల ప్రచారం చేయకూడదు, గీత గీసి ఉంటుంది. నేను గీతకి ఇవతల రంగు కాగితం మీద అచ్చువేసిన నమూనా బ్యాలెట్లు పట్టుకుని నిలబడ్డాను. అవతలి పార్టీ తరఫున నా ఎదురుగా ఒక రిటైర్డ్ టీచరు. పదింటికి చేతులు కొంకర్లు పోతుంటే ఆవిడ తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. మా రెండు కట్టలూ ఒకే కుర్చీ మీద పెట్టుకున్నాం.

యంగ్‌కిన్ సుమారు 64 వేల ఓట్లతో గెలిచారు. అంతకు ఏడాది కిందట ఇదే రాష్ట్రంలో ట్రంప్ పది శాతం తేడాతో ఓడిపోయారు. జమైకా నుంచి చిన్నపిల్లగా వచ్చి మెరైన్ అయిన మా పార్టీ విన్సమ్ సియర్స్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి పదవిలోకి, వచ్చారు. మా ప్రిసింక్ట్‌లో, అంటే మా పోలింగు కేంద్రం పరిధిలో, మేం ఓడిపోయాం, కానీ ముందటికంటే తక్కువ తేడాతో. పక్కింటావిడ ఆ అంకె ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నారు. మావాడు ఆ ఆగస్టులోనే బడికి వెళ్లాడు, స్పీచ్ టీచరు పక్కన కూర్చోవడం మళ్లీ మొదలైంది. నత్తి ఇంకా ఉంది. వేలు ఎత్తడం మాత్రం మానేశాడు.

తర్వాతి ఏళ్లు అన్నీ ఇంత బాగా లేవు. 2024 డిసెంబరులో హెచ్1బి మీద మా వైపే రెండు ముక్కలై కొట్టుకున్నప్పుడు, భారతీయుల గురించి కొందరు రాసిన రాతలు చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. తణుకు దగ్గర వడ్లూరు మూలాలున్న, జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ మీద కూడా మా వైపువాళ్లే కొందరు నోరు పారేసుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించిన వారం మా కమిటీ మీటింగులో లేచి నిలబడి, "ఇది తప్పు. నేనూ ఆ కాగితం మీదే ఈ దేశానికి వచ్చాను" అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. తుపాకీ హక్కుల ఆయన మాత్రం, "ఆమె చెప్పేది మినిట్స్‌లో రాయండి" అన్నారు. రాశారు. అంతకుమించి ఏమీ మారలేదు. మరి ఎందుకు ఉన్నావు అంటే, ఆ గదిలో ఆ మాట చెప్పడానికి ఒకరు ఉండాలి కదా. నేను మానేస్తే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది, అభిప్రాయం మారదు.

2025 నవంబరు 4న పెద్ద దెబ్బే తిన్నాం. గవర్నర్ పదవికి సియర్స్ దాదాపు 15 శాతం తేడాతో డెమొక్రాట్ అబిగెయిల్ స్పాన్‌బెర్గర్ చేతిలో ఓడిపోయారు. లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ. నేను పనిచేసింది ఆవిడకి ఎదురుగా. అయినా ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసి "మన హైదరాబాద్ పిల్లటగా" అంటే, అవునమ్మా అన్నాను, గొంతులో సంతోషం నిజంగానే ఉంది.

ఆ అక్టోబరులో ఒక ఇంటికి వెళ్లాను. జాబితాలో ఉన్న ఓటరు ఇల్లు అమ్మేసి వెళ్లిపోయారు, కొత్తగా ఒక తెలుగు జంట దిగింది. చంకలో పిల్లాడితో అమ్మాయి తలుపు తీసి, "మాకు ఓటు లేదక్కా, వీసా మీద ఉన్నాం" అంది. సరేనమ్మా అని తిరగబోతుంటే, పిల్లాడు నా టోపీ చూపించి ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను ఆగాను. వాడు పూర్తిచేసేదాకా కదలకుండా నిలబడ్డాను. అమ్మాయి నా మొహం చూసి, మెల్లగా, "మూడు నెలల్నుంచి స్పీచ్ కోసం అడుగుతున్నామక్కా, లిస్టులో ఉన్నారంటున్నారు" అంది.

తన నంబరు కరపత్రం వెనక రాసుకున్నాను. ఓటు అక్కర్లేదు, ఈ ఊళ్లో పిల్లాడు ఉంటే చాలు, బోర్డు ముందు ఎవరైనా మాట్లాడొచ్చు అని చెప్పాను.

ఓడిపోయిన తర్వాతి వారం బోర్డు మీటింగు. అమ్మాయి వస్తుందనుకోలేదు. ఏడింటికి పిల్లాణ్ణి ఎత్తుకుని, చలికి ముక్కు ఎర్రబడి, తలుపు దగ్గర నిలబడి ఎటు కూర్చోవాలో చూస్తోంది. పక్కింటావిడ లేచి తన కుర్చీ ఇచ్చారు. వెళ్లి, మాట్లాడేవాళ్ల పేర్లు రాసే కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. అమ్మాయిని ఇంటిపేరు స్పెల్లింగు అడిగి, నెమ్మదిగా రాశాను.